వెండి కవచం వీరుడి గొంతు

ఏప్రిల్ మొదటి వారంలో నోయిడా స్టూడియోలో వాల్డెరిక్ బొమ్మ చూడగానే, వీడు నావాడు అనుకున్నాను. వెండి కవచం, భుజాల దాకా జుట్టు, ఎదుటివాడి ముఖం చూడకుండా మాట్లాడే పొగరు. పిల్లల చానల్ కోసం తెలుగులోకి మారుస్తున్న జపాన్ కార్టూన్ సీరియల్ అది. పేరు ‘కార్డుల రణరంగం’. అందులో అందరూ మంత్రాల కార్డులతో కొట్టుకుంటారు. నివో అనే అల్లరి కుర్రాడు హీరో. వాడిని ప్రతిసారీ ఓడించి, ఓడించానన్న సంతోషం కూడా ముఖంలో కనపడనివ్వకుండా గుర్రమెక్కి వెళ్ళిపోయేవాడు వాల్డెరిక్.

నేను చాలా ఏళ్ళుగా డబ్బింగ్ చెబుతున్నాను. ఉడతపిల్లలు, పాలబుగ్గల పిల్లలు, ఒకసారి మాట్లాడే టీ కెటిల్. గొంతు సన్నం చేసి కిచకిచలాడటం తప్ప, తిన్నగా నిలబడి ఒక్క మాట అనే పాత్ర నాకు ఎవరూ ఇవ్వలేదు. జపాన్ భాషలో వాల్డెరిక్‌కి గొంతు ఇచ్చింది ఆడమనిషేనని తెలియగానే డబ్బింగ్ డైరెక్టర్ విష్ణు దగ్గరికి వెళ్ళాను. వరంగల్ అబ్బాయి, నన్ను అక్కా అంటాడు.

“వాల్డెరిక్ నేను చెబుతాను విష్ణూ.”

“చానలోళ్ళు మగ గొంతే అడుగుతున్నరక్కా. అయినా శనివారం టెస్ట్ ఇయ్యి, పంపి చూద్దాం.”

ఆ వారమంతా ఆర్.కె. పురంలో మా క్వార్టర్ వంటింట్లో వాల్డెరిక్ తిరిగాడు. ‘నీతో పోరాడటానికి నా కత్తి అక్కర్లేదు, ఒక్క కార్డు చాలు’ అని బియ్యం కడుగుతూ అన్నాను, బెండకాయలు తరుగుతూ అన్నాను. పప్పు మాడింది. మా ఆయన ఉమాశంకర్ సెంట్రల్ గవర్నమెంటులో సెక్షన్ ఆఫీసరు. మాడిన పప్పు కలుపుకుంటూ, “ఈ వీరుడెవడో గాని మన వంటింటి మీద పడ్డాడు,” అని నవ్వారు. అంటే ఆయనకి తెలుసు. ఆ పాత్ర కోసం నేను ఎంత ఇదవుతున్నానో ఆయనకి బాగా తెలుసు. ముందే చెప్పి ఉంచుతున్నాను, తర్వాత నన్నెవరూ తప్పు పట్టకూడదు.

శనివారం నేను టెస్ట్ చెప్పి బూత్ లోంచి బయటికి వచ్చేసరికి ఆయన సోఫాలో కూర్చుని ఉన్నారు. అటునుంచి అటే వైశాలిలో మా తోటికోడలి ఇంట్లో వ్రతానికి వెళ్ళాలి. విష్ణు మర్యాదగా పేపర్ కప్పులో టీ తెచ్చి ఇవ్వబోయాడు.

“బయట టీ నేను తాగను,” అన్నారు మా ఆయన, కప్పు వంక చూడకుండానే.

ఆ గొంతుకి నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ అన్నం వడ్డిస్తున్నాను. మంచినీళ్ళు అడిగినా అలాగే అడుగుతారు, మనకేదో దానం చేస్తున్నట్టు. నాకు అలవాటైపోయింది. విష్ణు మాత్రం కప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“సార్, ఒక్క నిమిషం మైకు దగ్గరికి వస్తరా?”

‘నాకెందుకయ్యా, మా ఆవిడ చెబుతోందిగా’ అంటారనుకున్నాను. ఏ మొగుడైనా అనే మాటే కదా. ఆయన లేచి, చొక్కా సర్దుకుని, నా పక్కనుంచే లోపలికి వెళ్ళారు.

వ్రతానికి ఆలస్యంగా వెళ్ళి ప్రసాదం తిన్నాం. మంగళవారం చానల్ వాళ్ళు మా ఆయన్ని ఖాయం చేశారు. ఆయన ఆఫీసు నుంచి రాగానే గుమ్మంలోనే చెప్పాను.

“కంగ్రాట్సండీ. మీకు బాగా నప్పుతుంది.”

నవ్వుతూనే చెప్పాను. ఆ నవ్వు పట్టి ఉంచడానికి నాకు దవడలు నొప్పి పుట్టాయి.

“నేనేం అడగలేదు కదా కిరణ్మయీ,” అన్నారు బూట్లు విప్పుకుంటూ. “వాళ్ళే పిలిచారు.”

“అవును, వాళ్ళే పిలిచారు,” అన్నాను.

నాకు పిప్పో వచ్చాడు. పిప్పో అంటే వాల్డెరిక్ గుర్రాన్ని తోమే బుల్లి సేవకుడు. వాల్డెరిక్ గెలిచినప్పుడల్లా పక్కన గంతులేసి పొగడటం వాడి ఉద్యోగం.

మా ఆయనకి గొంతు ఉంది గాని పని తెలియదు. డబ్బింగ్‌లో బొమ్మ పెదవులు మూసుకున్న చోట మన మాటలో కూడా పెదవులు కలిసే అక్షరం పడాలి, ప అనో బ అనో మ అనో. లేకపోతే బొమ్మ ఒకటి, మాట ఒకటి అయిపోతుంది. ఇది ఆయనకి నేర్పవలసింది ఎవరు? నేనే. రోజూ సాయంత్రం టిఫిన్ పెట్టి, ఎదురుగా కూర్చుని నేర్పాను.

“‘నిన్ను ఓడిస్తాను’ అంటే అక్కడ పెదవి కలవదండీ. ‘నీ పని పడతాను’ అనండి.”

“నీ పని పడతాను,” అనేవారు ఆయన అద్దం ముందు నిలబడి, గడ్డం పైకెత్తి.

నేను వెతికిపెట్టిన మాట ఆయన నోట్లో అంత బాగా పలకడం వింటే కడుపు మండిపోయేది. తప్పు పట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని చెవులు రిక్కించి వినేదాన్ని. దొరికేది కాదు. చెత్తగా చెప్పి ఉంటే జాలిపడి, ఇంకో రెండు గారెలు వేసి ఉందును. ఆయన బాగా చెప్పారు. అదే నా ఏడుపు.

స్టూడియోలో ఎవరి వంతు వాళ్ళు విడిగా చెబుతాం. శనివారం ఆయన చెప్పేవారు, సోమవారం నేను వెళ్ళేదాన్ని. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే చెవుల్లో మా ఆయన. ఆ గొంతు ముగియగానే నేను అందుకోవాలి.

“ఏమి దెబ్బ ప్రభూ, ఏమి దెబ్బ! మీకు సాటి ఎవరున్నారు ప్రభూ!”

అద్దం అవతల నుంచి విష్ణు మైకులో అన్నాడు. “అక్కా, జర ప్రేమతోటి. పిప్పోకి ప్రభువంటే ప్రాణం.”

“ప్రాణమే,” అన్నాను. “తీసేయాలన్నంత ప్రాణం. ఇంకో టేక్ తీసుకో.”

మే నెలలో స్కూళ్ళకి సెలవులిచ్చాక సీరియల్ మొదలైంది. బయట లూ అనే వడగాలి కొడుతుంటే పిల్లలంతా కూలర్ల ముందు టీవీ పెట్టుకుని కూర్చునే రోజులు. మా అమ్మాయి ప్రణతికి తెలుగు అర్థమవుతుంది గాని నోట్లోంచి వచ్చేది హిందీయే. ఉడతపిల్ల నుంచి టీ కెటిల్ దాకా నేను చెప్పినవి ఒక్కటీ స్నేహితులకి చెప్పుకోని పిల్ల, “మేరే పాపా వాల్డెరిక్ హై,” అని కాలనీ అంతా చాటింపు వేసింది. సాయంత్రం పార్కులో నడుస్తుంటే కింది ఇంటి లలితకుమారిగారు ఆపారు. ఆవిడ భర్త కూడా ఇక్కడే ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు క్వార్టర్ కొడుకుది.

“ఏమ్మా కిరణ్మయీ, మీ ఆయనలో ఇంత కళ ఉందని ఎప్పుడూ చెప్పలేదే? మా దీపు ఆ గొంతు వింటేగాని అన్నం ముట్టడంలేదు.” దీపు ఆవిడ మనవడు.

“అందులో పిప్పో నేనేనండీ.”

“పిప్పో ఎవరు?” అన్నారావిడ.

ఇంటికి వస్తే ఇంకో ఘోరం. మా ఆయన కంచం ముందు కూర్చుని, “ఈ సాంబారు నా స్థాయికి తగదు,” అని వాల్డెరిక్ గొంతుతో అనేవారు. ప్రణతి పడీపడీ నవ్వేది.

“తగకపోతే లేవండి,” అనేదాన్ని.

“అరే మమ్మీ, మజాక్ హై.”

నాకు మజాక్‌లా లేదు. ఒక రోజు పిల్ల ఆడుకోవడానికి వెళ్ళాక ఆయన ఎదుట నిలబడి చెప్పేశాను. “మిమ్మల్ని చూస్తే నాకు కుళ్ళుగా ఉంది. ఎవరైనా మిమ్మల్ని మెచ్చుకుంటే అక్కణ్ణుంచి లేచిపోవాలనిపిస్తోంది. ఆ పాత్ర నేను అడిగాను. మీకు తెలిసి ఉండీ వెళ్ళి మైకు ముందు నిలబడ్డారు.”

“చిన్నపిల్లల కార్టూన్ కదోయ్. దానికింత పట్టింపేమిటి?”

“అంత చిన్నదైతే వదిలేయండి.”

ఆయన లేచి వెళ్ళి కూలర్లో నీళ్ళు పోశారు. వదలరని నాకు అప్పుడే అర్థమైంది. ఆఫీసులో ఆయన ఫైలు మీద రాసే ప్రతి మాటా పైవాళ్ళు కొట్టేసి మళ్ళీ రాస్తారు. వాల్డెరిక్ మాట ఎవరూ కొట్టేయరు. అది నాకు తెలియక కాదు. తెలిసినా మంట చల్లారలేదు.

జూన్ చివర్లో దీపు పుట్టినరోజు. పిల్లలు చుట్టూ చేరి ‘అంకుల్, వాల్డెరిక్’ అంటే చాలు, ఈయన ఐస్ ముక్కలు వేసిన కూల్‌డ్రింక్ తాగుతూ, మళ్ళీ మళ్ళీ యుద్ధనాదం చేశారు. నేను రెండుసార్లు సైగ చేశాను, వింటేనా. మర్నాటికి గొంతు పూర్తిగా పోయింది. మాట్లాడబోతే గాలి తప్ప ఏమీ రాలేదు. కొన్నాళ్ళు పెదవి విప్పొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంట్లో కావలసినవి వాట్సాప్‌లో పంపేవారు. ‘మంచినీళ్ళు’ అని వచ్చేది, అందులో ఆ దర్పం లేదు. నాకు కొంచెం జాలి, చాలా సంతోషం.

ఆఖరి భాగం ఒక్కటే మిగిలింది. అందులో వాల్డెరిక్ మొదటిసారి ఓడిపోతాడు. ప్రసారం తేదీ చెప్పేశారు. విష్ణు ఎవరెవరినో పిలిచి చూశాడు, ఒక్కరూ అతకలేదు. నేను ఫోన్ చేసి, గొంతు కిందికి దించి, “నా సమయం వృథా చేయకు విష్ణూ,” అన్నాను.

“సార్, నమస్తే సార్. గొంతు వచ్చిందా?” అన్నాడు అటువైపు నుంచి.

“నేను, కిరణ్మయిని.”

“అక్కా, వెంటనే రా,” అన్నాడు. “గొంతుకి కొంచెం బరువు నేను మిషన్ల కలుపుత. కానీ ఒకటి. గొంతు మారిందని చానలోళ్ళకి తెలిస్తే ఒప్పుకోరు. పేరు సార్‌దే పడుతది. బయట ఎవరికీ చెప్పద్దు.”

“ముందు మైకు ఇవ్వు,” అన్నాను. అంత ఆకలి మీద ఉన్నాను.

వాల్డెరిక్ పొగరుగా మాట్లాడే మాటలన్నీ చకచకా అయిపోయాయి. మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మాట్లాడతారు కదా, నేనూ అలాగే కట్టుకుని చెప్పాను. చివరికి ఆ సీను వచ్చింది. నివో వేసిన కార్డుకి వెండి కవచం పగిలిపోతుంది. వాల్డెరిక్ తల ఎత్తి మొట్టమొదటిసారి ఆ కుర్రాడి ముఖంలోకి చూస్తాడు. ‘బాగా ఆడావు. ఈ గెలుపు నీదే.’

మా ఆయన ఎలా అంటారో అలా అందామని నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆయన ఓడిపోవడం నేను ఎప్పుడైనా వింటే కదా. తప్పు తనదని తేలితే ఆయన బాల్కనీలోకి వెళ్ళిపోతారు, లేకపోతే కూలర్లో నీళ్ళు పోస్తారు. ఓడిపోయి, ఎదుటివాడి ముఖం చూసి, బాగుందని చెప్పడం ఆయనకి రాదు. అది నాకు వచ్చు. లోపల మండుతుంటే పైకి ఆ మాట ఎలా చెబుతారో, దవడ ఎక్కడ బిగుసుకుంటుందో, ఏ అక్షరం దగ్గర ఊపిరి చాలదో నాకు తెలుసు. చేతులు కిందికి వదిలేసి చెప్పాను.

అద్దం అవతల విష్ణు రికార్డింగ్ ఆపేశాడు.

“ఇంకోటి తీసుకుందామా?” అని అడిగాను.

“వద్దక్కా,” అన్నాడు.

ఆ భాగం ఆదివారం పొద్దున వచ్చింది. లలితకుమారిగారూ దీపూ, ఇంకో ఇద్దరు పిల్లలూ మా హాల్లోనే కూర్చున్నారు. మా ఆయనకి అప్పటికి గొంతు తిరిగి వచ్చింది. నేను చెప్పిన ముక్క ఆయన వినడం అదే మొదలు. కవచం పగిలింది. ‘బాగా ఆడావు. ఈ గెలుపు నీదే.’ ప్రణతి మోకాళ్ళలో ముఖం దాచుకుంది. లలితకుమారిగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

“ఏం చెప్పారండీ ఉమాశంకర్ గారూ. ఆ పొగరుబోతు ఓడిపోతుంటే నాకు గుండె కలుక్కుమంది.”

ఆయన ఒకసారి నావైపు చూశారు. “థాంక్సండీ,” అన్నారు.

“అంకుల్, వో లాస్ట్‌వాలా ఏక్ బార్ బోలో న,” అన్నాడు దీపు, ఆ ఆఖరి మాట ఇంకోసారి చెప్పమని.

ఆయన గొంతు సవరించుకుని చెప్పారు. మాటలు అవే. వినడానికి మాత్రం కింది ఉద్యోగికి సెలవు మంజూరు చేసినట్టుంది.

“ఐసే నహీ అంకుల్,” అన్నాడు దీపు. ఆయన మళ్ళీ చెప్పారు. పిల్లలు చిప్స్ గిన్నె వైపు తిరిగిపోయారు. నేను ట్రే పట్టుకుని నిలబడి, పెదవి విప్పకుండా చూశాను.

అందరూ వెళ్ళాక అన్నాను. “ఆ థాంక్స్ నాది.”

“విష్ణు చెప్పొద్దన్నాడుగా.”

“చెప్పొద్దన్నాడు. మురిసిపొమ్మనలేదు.”

“ముఝే బతావో, క్యా నహీ బోల్నా హై?” అంది ప్రణతి, ఏ సంగతి దాస్తున్నామో తనకీ చెప్పమని. చెప్పాను. పిల్ల నమ్మలేదు. మొబైల్లో ఆ సీను మళ్ళీ పెట్టి, ఒకసారి నన్నూ ఒకసారి వాళ్ళ నాన్ననూ చూసింది. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

నాలుగు రోజులకి విష్ణు ఫోన్ చేశాడు. మేము భోజనాల దగ్గర ఉన్నాం, స్పీకర్లో పెట్టాను. ఆఖరి భాగం చానల్ వాళ్ళకి తెగ నచ్చిందట, రెండో సీజన్ కూడా తెలుగులో చేస్తారట. “సార్ గొంతు బాగైంది కదా, ఎప్పుడు వస్తరు?”

“రెండో సీజన్ నేను చెబుతాను విష్ణూ,” అన్నాను. “నా పేరుతో. ఇదివరకటి సంగతి కూడా వాళ్ళకి చెప్పేయి. ఒప్పుకుంటే ఒప్పుకుంటారు, లేకపోతే నాకు పిప్పో కూడా వద్దు.”

మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. “అదేమిటి? అది నా పాత్ర.”

“మీదా?”

“నువ్వు చెప్పింది నా గొంతునే కదా కిరణ్మయీ. నన్ను చూసి దింపావు.”

“గెలిచినవన్నీ మీవి. కాదనను. ఆ ఓడింది మాత్రం నేను. ఇప్పుడు తిరిగి వచ్చేది ఓడిపోయినవాడు.”

అటువైపు విష్ణు ఇబ్బందిగా దగ్గాడు. “ఇద్దరూ శనివారం రాండ్రి. చెరొక టెస్ట్ తీసి, ఉన్నదున్నట్టు చెప్పి పంపిస్త.”

శనివారం ఆర్.కె. పురం స్టేషన్‌లో మెట్రో ఎక్కి, నోయిడాలో బొటానికల్ గార్డెన్ వరకు మాట్లాడుకోకుండా వెళ్ళాం. ముందు నన్ను లోపలికి పంపారు. ఆయన అవతలి గదిలో విష్ణు పక్కన కూర్చున్నారు. రెండో సీజన్ మొదటి సీను. కవచం లేని వాల్డెరిక్ వానలో తడుస్తూ నివో ఇంటి తలుపు కొడతాడు. కుర్రాడు తలుపు తీస్తాడు. వాల్డెరిక్ చెప్పేది ఒకే మాట.

‘నాకు నేర్పు.’

పొగరు పోకూడదు, అడుక్కోకూడదు, కాని అడగాలి. అద్దం లోంచి మా ఆయన ముఖం కనిపిస్తోంది. ఆయన్నే చూస్తూ చెప్పాను.

తర్వాత ఆయన వెళ్ళారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు, గడ్డం ఎత్తారు. “నాకు నేర్పు,” అన్నారు. నేర్పే అదృష్టం ఆ కుర్రాడికి ఇస్తున్నట్టు వచ్చింది. విష్ణు మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ అలాగే వచ్చింది. మూడోసారి బొమ్మ తలుపు కొట్టింది, కుర్రాడు తలుపు తీశాడు, వాల్డెరిక్ పెదవులు కదిలాయి, మా ఆయన ఏమీ అనలేదు. హెడ్‌ఫోన్స్ తీసి కొక్కేనికి తగిలించి బయటికి వచ్చారు.

“నాది పంపొద్దు విష్ణూ,” అన్నారు. “ఆవిడదే పంపు.”

చానల్ వాళ్ళు తర్వాతి వారం సరే అన్నారు, నా పేరుతో సహా. కాని నేను చెప్పదలచుకున్నది ఆ సాయంత్రం తిరుగు మెట్రో గురించి. నాకొక్కదానికే సీటు దొరికింది. ఆయన నా ఎదుట పైనున్న పిడి పట్టుకుని నిలబడ్డారు. ముఖం మాడ్చుకుని కిటికీలోకి చూస్తున్నారు. కాళిందీకుంజ్ దాటాం, ఓఖ్లా దాటాం. చుట్టూ తెలుగు తెలిసినవాళ్ళు లేరనే ధైర్యంతో కాబోలు, ఉన్నట్టుండి గట్టిగానే అన్నారు.

“నాకు ఒళ్ళు మండిపోతోంది.”

“ఎవరిమీద?”

“నీ మీదే. ఆ ఒక్క మాట అలా ఎలా అన్నావు నువ్వు? రెండు గంటల నుంచీ లోపల అనుకుంటూనే ఉన్నాను, రావడంలేదు. ఎవరో తెలియనివాడైతే బాగుందని ఊరుకునేవాణ్ణి. నువ్వు కాబట్టి ఇంకా మండుతోంది. కుళ్ళుగా ఉంది కిరణ్మయీ, నిజంగా.”

ఓదార్చాలి. పెళ్ళాన్ని కదా, ‘పోనీలెండి, మీ గొంతు మీదే’ అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కాని ఈ మండటం ఏమిటో నాకు ఒక వేసవి పొడుగునా తెలుసు. బాగా చెయ్యని మనిషి మీద అది పుట్టదు. మా ఆయన నోటి నుంచి ఇంత పెద్ద మెప్పు నాకు ఎప్పుడూ రాలేదు.

నా పక్క సీటావిడ దిగిపోయింది. పక్కకి జరిగి, “కూర్చోండి,” అన్నాను.

“అక్కర్లేదు,” అన్నారు, సీటు వంక చూడకుండానే.

ఆర్.కె. పురం వచ్చేదాకా అలాగే నిలబడ్డారు. నేను రెండు సీట్లలోనూ సర్దుకుని కూర్చున్నాను.